బ్యాండ్‌క్యాంప్: ఏళ్ల తరబడి పాటలు కొన్నాక నా సమీక్ష

నాకు నచ్చిన పాటకి నేనిచ్చే డబ్బు ఆ పాట చేసినవాళ్లకి చేరాలి. ఎంత చేరుతుందో నాకు తెలియాలి. పాటలు అమ్మే సైట్ బ్యాండ్‌క్యాంప్‌ని ఇన్నేళ్లుగా వదలకుండా వాడటానికి ముఖ్య కారణం ఇదే. అయిదు మార్కులకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కుకి సౌండ్‌తోనో యాప్‌తోనో సంబంధం లేదు. కంపెనీ చేతులు మారిన తీరు చూసి తగ్గించాను. ఆ సంగతి కింద రాశాను.

ఇంతవరకూ వాడనివాళ్ల కోసం నాలుగు మాటలు. 2008లో మొదలైన ఈ సైట్‌లో పాటలు చేసేవాళ్లు తమ పేజీ తామే తెరుచుకుంటారు. ధర వాళ్లే పెడతారు. కావాలంటే కనీస ధర సున్నా పెట్టి, తోచినంత ఇవ్వమని అడగొచ్చు. చాలా ఆల్బమ్‌లకి అడిగిన ధర కంటే ఎక్కువ ఇచ్చే వీలు కూడా ఉంటుంది. కొన్నాక చిన్న సైజు ఎంపీ3 తీసుకోవాలా, నాణ్యత తగ్గని ఫ్లాక్ తీసుకోవాలా, వేవ్ తీసుకోవాలా అన్నది మన ఇష్టం. ఫైల్‌కి డిజిటల్ తాళాలు ఉండవు. ఫోన్ మార్చినా, కంప్యూటర్ మార్చినా, ఇంటర్నెట్ లేకపోయినా పాట పలుకుతుంది. ఎల్పీయో (గ్రామఫోన్ రికార్డు) క్యాసెట్టో కొంటే దాంతోపాటు డిజిటల్ కాపీ కూడా మామూలుగా వెంటనే వచ్చేస్తుంది.

ఇక డబ్బు లెక్క. డిజిటల్ అమ్మకాల్లో సైట్ వాటా 15 శాతం. ఏడాది అమ్మకాలు 5,000 డాలర్లు దాటినవాళ్లకి అది 10 శాతానికి తగ్గుతుంది. ఎల్పీలు, టీషర్టుల లాంటి వస్తువుల మీద 10 శాతం. పేమెంట్ ఖర్చులు వేరే. అన్నీ పోగా సగటున 82 శాతం కళాకారులకో వాళ్ల లేబుల్‌కో (పాటల్ని విడుదల చేసే కంపెనీకో) చేరుతుందని సైట్ తన పేజీలోనే చెబుతుంది. అంటే 10 డాలర్ల ఆల్బమ్ కొంటే 8 డాలర్ల పైచిలుకు. ఆ డబ్బు నెలల తరబడి ఎక్కడో ఇరుక్కోకుండా మామూలుగా ఒకటి రెండు రోజుల్లో చేతికి అందుతుంది. అద్దె కట్టుకుంటూ, పగలు ఇంకో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు రికార్డింగ్ చేసుకునేవాళ్లకి ఈ వేగం ఎంత అవసరమో వాళ్లతో కాసేపు మాట్లాడితే తెలుస్తుంది.

చందా కట్టి ఇంటర్నెట్‌లో పాటలు వినే స్ట్రీమింగ్‌లో లెక్క వేరు. చాలా సర్వీసుల్లో చందాలన్నీ కలిపి ఒకే కుప్పగా పోస్తారు. మొత్తం ప్లేల్లో ఎవరి వాటా ఎంతో చూసి ఆ నిష్పత్తిలో పంచుతారు. నేను నెలంతా ఒకే చిన్న బ్యాండ్‌ని విన్నా సరే, నా చందాలో ఎక్కువ భాగం నేను ఒక్కసారి కూడా వినని పెద్ద పేర్లకి పోతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, పద్ధతే అది. సౌండ్‌క్లౌడ్ అనే స్ట్రీమింగ్ సర్వీసు మాత్రం 2021లో దీనికి విరుగుడుగా, ఒక్కో శ్రోత డబ్బుని ఆ శ్రోత విన్నవాళ్లకే పంచే పద్ధతిని కొందరు కళాకారులకి మొదలుపెట్టింది. ఇంకో సర్వీసు స్పాటిఫై 2024లో ఒక గీత గీసింది. గడిచిన 12 నెలల్లో 1,000 ప్లేలు రాని పాటకి రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. నేను ఇష్టపడే సంగీతంలో చాలా భాగం ఆ గీతకి కిందే ఉండిపోతుంది. ఎనిమిది వందల సార్లు విన్న పాట అంటే ఎక్కడో కొంతమంది దాన్ని గుండెల్లో పెట్టుకున్నారన్నమాట. ఆ కొంతమందిలో పది మంది 10 డాలర్ల ఆల్బమ్ కొంటే ఆ కళాకారుడి చేతికి దాదాపు 80 డాలర్లు వస్తాయి. అదే ఎనిమిది వందల ప్లేలకి అక్కడ వచ్చేది సున్నా. ఈ ఒక్క పోలిక చాలు నాకు, ఎటువైపు డబ్బు పెట్టాలో తేల్చుకోవడానికి.

అలాగని స్ట్రీమింగ్ మానేయమని చెప్పను. కొత్తవి వినడానికి నేనూ వాడతాను. కానీ నా ప్లేలిస్టుల్లో పాటలు మాయం కావడం ఒక సర్వీసులో చాలాసార్లు చూశాను. పేరు కనబడుతుంది, నొక్కితే పలకదు. ఎందుకు తీసేశారో, ఎవరు తీసేశారో చెప్పేవాళ్లు లేరు. కొన్న ఫైల్‌తో నాకు ఆ టెన్షన్ లేదు.

అభిమానుల సంగతి దగ్గర ఈ సైట్ నాకు మరీ నచ్చింది. ప్రతి ఆల్బమ్ కింద కొన్నవాళ్ల బొమ్మలు వరసగా కనిపిస్తాయి. కొన్నవాళ్లు తమకి బాగా నచ్చిన పాట ఏదో చెప్పొచ్చు, రెండు ముక్కలు రాయొచ్చు. లైకుల సంఖ్య చూడటానికీ, డబ్బు పెట్టి కొన్న మనిషి రాసిన రెండు వాక్యాలు చదవడానికీ చాలా తేడా ఉంది. ‘మూడో పాటలో తబలా ఆగిపోయే చోటు విను’ అని ఎవరో రాస్తే, ఆ చోటు కోసమే మొత్తం ఆల్బమ్ విన్న రోజులున్నాయి. ఒకరి బొమ్మ నొక్కితే వాళ్లు కొన్నవన్నీ కనబడతాయి. నా అభిరుచితో కొంచెం కలిసి, కొంచెం కలవని మనుషుల్ని వెతికి పట్టుకుని వాళ్ల కలెక్షన్‌ని ఫాలో అవుతాను. నాకు అత్యంత ఇష్టమైన కళాకారులు కొందరు అలా ముక్కూ మొహం తెలియని శ్రోతల ద్వారానే దొరికారు. ఇందులో ఓపిక కావాలన్నది నిజం. ట్యాగులు (సంగీతం ఏ రకమో చెప్పే మాటలు) కళాకారులే పెట్టుకుంటారు కాబట్టి ఒక్కో ట్యాగ్ కింద పొంతన లేనివి బోలెడు వస్తాయి. ఆ వెతుకులాట నాకు ఇష్టం. నచ్చనివాళ్లకి విసుగు పుట్టొచ్చు.

కళాకారులకి కూడా ఇక్కడ అభిమాని ఒక పేరుగా, ఒక ఈమెయిల్‌గా కనిపిస్తాడు. తర్వాతి ఆల్బమ్ వచ్చినప్పుడు వాళ్లు మనకి నేరుగా రాయగలరు. ఎవరికి ఏది చూపాలో తేల్చే అల్గారిథమ్‌లేవీ మధ్యలో ఆ కబురుని ఆపవు. స్వతంత్రంగా పనిచేసేవాళ్లకి ఇంతకంటే విలువైన ఆస్తి ఇంకొకటి లేదని నా నమ్మకం.

ఒక జాగ్రత్త చెప్పాలి. పేజీ ఎవరిదో చూసుకోండి. కళాకారుడి సొంత పేజీయా, లేబుల్ పేజీయా? లేబుల్ పేజీ అయితే ఆ 82 శాతం ముందు లేబుల్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి కళాకారుడికి ఎంత వెళ్తుందన్నది వాళ్ల ఒప్పందం మీద ఆధారపడుతుంది. సగం సగం పంచుకునే మంచి చిన్న లేబుల్స్ ఉన్నాయి, వాటి దగ్గర సంతోషంగా కొంటాను. అదే ఆల్బమ్ రెండు చోట్లా ఉంటే మాత్రం కళాకారుడి పేజీలోనే కొంటాను. ఇంకొకటి: సున్నా ధర పెట్టిన ఆల్బమ్‌లని ఊరికే దింపుకుంటూ పోయేవాళ్లకి తెలియని విషయం ఏమిటంటే, ఉచిత డౌన్‌లోడ్‌లకి కళాకారుడికి నెలకి 200 వరకే లెక్క ఉంటుంది. అది దాటితే వాళ్లే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. వినడం ఎలాగూ ఉచితమే. ఇవ్వగలిగినప్పుడు ఒక డాలరైనా ఇచ్చి తీసుకోవడం మర్యాద.

హక్కుల గురించి చాలామందికి గందరగోళం ఉంటుంది, నాకూ ఇది మెల్లగా వాడుకలోనే అర్థమైంది. ఒక పాటలో రెండు హక్కులు ఉంటాయి. రాసిన మాటలూ కట్టిన బాణీ మీద ఉండేది ఒకటి, ఆ రికార్డింగ్ మీద ఉండేది ఇంకొకటి. రెండోదాన్నే మాస్టర్ అంటారు. ఈ సైట్‌లో పెట్టినంత మాత్రాన ఆ రెండింటిలో ఏదీ కళాకారుడి చేయి జారదు. సైట్‌కి వచ్చేది పాటని అక్కడ ఉంచడానికీ అమ్మడానికీ అనుమతి మాత్రమే. అదే పాటని ఇంకెక్కడైనా పెట్టుకునే స్వేచ్ఛ కళాకారుడికి ఉంటుంది. వేరేవాళ్ల పాటని పాడి అమ్మాలంటే మాత్రం అసలు రాసినవాళ్ల నుంచి అనుమతి తెచ్చుకోవడం పాడినవాళ్ల బాధ్యత, సైట్ ఆ పని చేసిపెట్టదు.

మరి కొన్న మనకి వచ్చేదేమిటి? వినడానికి ఒక కాపీ. అంతే. కొన్నాను కదా అని వీడియోలో వాడుకోవడం కుదరదు. ఆల్బమ్ పేజీలో కింద లైసెన్స్ ఏమిటో రాసి ఉంటుంది. అన్ని హక్కులూ ఉంచుకున్నవాళ్లే ఎక్కువ. కొందరు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి పెడతారు. 2002 చివర్లో మొదలైన ఈ లైసెన్సుల వల్ల అభిమానులు ఏం చేయొచ్చో ముందే స్పష్టంగా తెలుస్తుంది: పేరు చెప్పి వాడుకో, వ్యాపారానికి వాడకు, మార్చకు, మారిస్తే అదే లైసెన్స్‌తో పంచు, ఇలా. అభిమానులు తరచూ తడబడే చోటు ఒకటుంది. ‘మార్చకు’ అన్న షరతు ఉంటే ఆ పాటని వీడియోకి నేపథ్యంగా వేయడం కూడా కుదరదు. దృశ్యానికి సంగీతాన్ని జతచేయడాన్ని ఆ లైసెన్సులు మార్పుగానే లెక్కేస్తాయి. పాటలో ఒక్క సెకను కోయకపోయినా అంతే.

నాకు ఒక వీడియోకి వయొలిన్ ముక్క ఒకటి కావాల్సి వచ్చినప్పుడు, ఆ కళాకారిణికి నేరుగా రాశాను. ఎంతసేపు వాడతానో, ఎక్కడ పెడతానో, డబ్బు వస్తుందో రాదో చెప్పాను. మర్నాడే ఒప్పుకున్నారు. పేరు, ఆల్బమ్ లింక్ పెట్టమన్నారు, అంతే అడిగారు. తీరా పెద్ద వీడియో సైట్ ఒకదాంట్లో అప్‌లోడ్ చేయగానే కాపీరైట్ క్లెయిమ్ (ఈ పాట వేరేవాళ్లదన్న ఫిర్యాదు) పడింది. ఆవిడ తన పాటల్ని స్ట్రీమింగ్ సర్వీసులకి పంపడానికి పెట్టుకున్న పంపిణీదారు, వాటిని ఆటోమేటిక్‌గా గుర్తుపట్టే వ్యవస్థలో కూడా నమోదు చేశాడు. హక్కు ఎవరిదో ఆ మనిషే స్వయంగా అనుమతి ఇచ్చినా యంత్రానికి ఆ సంగతి తెలియదు. చివరికి ఆవిడే పంపిణీదారుకి రాసి దాన్ని తీయించారు. దీనికి ఆవిడ తన సమయం పెట్టాల్సి వచ్చిందన్నదే నాకు ఇప్పటికీ బాధ. అభిమానులు ఇలాంటివి చేసేటప్పుడు అనుమతి రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి, క్లెయిమ్ పడితే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి.

స్నేహితులకి ఫైళ్లు కాపీ చేసి ఇవ్వాలా అని అడుగుతుంటారు. నేను ఇవ్వను. ఆల్బమ్‌ని గిఫ్ట్‌గా కొని పంపే వీలు ఉంది, అదే వాడతాను. ఆ కొనుగోలు ఒక చిన్న కళాకారుడికి నిజమైన ఆదాయం, నా స్నేహితులకి నిజమైన పరిచయం.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు. 2022 మార్చిలో ఈ సైట్‌ని ఎపిక్ గేమ్స్ అనే వీడియో గేముల సంస్థ కొనేసింది. 2023 మేలో ఉద్యోగులు ఓటేసి యూనియన్ పెట్టుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో సాంగ్‌ట్రేడర్ అనే మ్యూజిక్ లైసెన్సింగ్ సంస్థకి అమ్ముతున్నట్టు ప్రకటించారు. అక్టోబర్‌లో ఉద్యోగుల్లో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. పోయినవాళ్లలో కళాకారుల గురించి ఓపిగ్గా రాసే సంపాదకులు ఉన్నారు, సపోర్ట్‌లో పనిచేసేవాళ్లు ఉన్నారు. ఏడాదిన్నరలో రెండుసార్లు చేతులు మారడం, యూనియన్ పెట్టుకున్న కొన్ని నెలలకే సగం మంది వెళ్లిపోవడం నాకు మింగుడుపడలేదు. కళాకారుల హక్కుల గురించి మాట్లాడే చోట అక్కడ పనిచేసే మనుషుల హక్కులకి కూడా అంతే విలువ ఉండాలి. నేను కొనడం మానలేదు. ఎందుకంటే మానేస్తే ముందు నష్టపోయేది కళాకారులే. కానీ ఆ కంపెనీ మీద ఒకప్పుడున్న గుడ్డి నమ్మకం ఇప్పుడు లేదు.

అందుకే కొన్న ప్రతిదాన్నీ వెంటనే ఫ్లాక్‌లో దింపుకుని రెండు డ్రైవుల్లో దాచుకుంటాను. సైట్‌లో నా కలెక్షన్ ఉంది కదా అని ఊరుకోను. మైస్పేస్ అనే ఒకప్పటి సోషల్ మీడియా సైట్‌లో 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో బయటపడింది. అయిదు కోట్లకి పైగా పాటలు పోయాయని అంచనా. వాటిలో చాలావాటికి ఇంకో కాపీ ఎక్కడా లేకపోయి ఉండొచ్చు. ఎవరి దగ్గరో ఒక అభిమాని డ్రైవులో ఉండి ఉంటే ఆ పాట బతికేది.

ఇటీవల చేసిన ఒక పనికి మాత్రం మెచ్చుకోవాలి. పూర్తిగా కానీ చాలా భాగం కానీ ఏఐతో పుట్టించిన సంగీతాన్ని అనుమతించబోమని 2026 జనవరిలో ప్రకటించారు. ఒకరి గొంతునో శైలినో ఏఐతో అనుకరించి వాళ్లలా నటించడం కూడా నిషేధమే. అనుమానం ఉంటే శ్రోతలు ఫిర్యాదు చేయొచ్చు. ఎంతవరకు అమలవుతుందో చూడాలి, కానీ గీత గీసినందుకు నేను సంతోషిస్తున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే గురించి తెలుసుకోవాలి. 2020 మార్చి 20న, కచేరీలన్నీ ఆగిపోయిన రోజుల్లో మొదలైంది. ఆ ఒక్కరోజు సైట్ తన వాటా వదులుకుంటే, శ్రోతలు 43 లక్షల డాలర్ల సంగీతం, వస్తువులు కొన్నారు. ఇప్పటికీ ఏడాదిలో కొన్ని శుక్రవారాలు అలా ప్రకటిస్తున్నారు. ఆ రోజుల్లో సగటున 93 శాతం కళాకారుడికో లేబుల్‌కో చేరుతుంది. నచ్చినవన్నీ విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటూ వెళ్లి ఆ శుక్రవారం ఒకేసారి కొంటాను. అలా కొనేటప్పుడు రెండు ముక్కలు రాయడం మానకండి. తర్వాత వచ్చే శ్రోతకి అవే దారి చూపిస్తాయి, పాట చేసిన మనిషి కూడా వాటిని చదువుతారు.