తోటలోంచి వచ్చే సెన్సర్ వైరుకి ఏ రక్షణ మేలు: టీవీఎస్, ఎంఓవీ, జీడీటీ?

బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి తోటల్లో బోరు మోటారుకి ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకుంటే, ట్యాంకు దగ్గరి సెన్సర్ నుంచి స్టార్టర్ డబ్బా దాకా కేబుల్ లాగాల్సిందే. ఒక్కోచోట అది 100, 200 మీటర్లుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వాన వచ్చిందంటే టెన్షనే. పిడుగు కేబుల్ మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడినా చాలు, తీగలోకి సర్జ్ (ఒక్కసారిగా వచ్చే వోల్టేజీ పోటు) ఎక్కేస్తుంది. అలా పోయిన బోర్డు విప్పి చూస్తే రిలే, ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంటాయి. కేబుల్ వచ్చి చేరే ఆర్ఎస్-485 ఐసీ (దూరపు తీగల మీద సిగ్నల్ పంపి, అందుకునే చిప్) మీద మాత్రం చిన్న పగులు కనిపిస్తుంది.

ఈ సర్జ్‌ని ఐసీకి చేరకుండా గ్రౌండ్‌కి మళ్లించే భాగాలే ఈ మూడూ. ఎంఓవీని (మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్) కరెంటు ఇన్‌పుట్ వైపే వాడండి. సిగ్నల్ తీగకి నేను పెట్టను. దాని కెపాసిటెన్స్ వందల పీకోఫారడ్‌ల నుంచి వేలల్లో ఉంటుంది, అంతుంటే వేగమైన సిగ్నల్ మొద్దుబారుతుంది, పైగా పెద్ద సర్జ్ తిన్న ప్రతిసారీ కొంత అరుగుతుంది.

టీవీఎస్ డయోడ్ నానోసెకను లోపే స్పందించి వోల్టేజీని గట్టిగా పట్టేస్తుంది. ఆర్ఎస్-485కి ఎస్ఎం712 అనే టీవీఎస్ సరిగ్గా సరిపోతుంది. ఆ లైను మామూలుగానే మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకా ఊగొచ్చు కాబట్టి, 5 వోల్టుల టీవీఎస్ పెడితే సిగ్నలే తెగుతుంది. కానీ ఇంత చిన్న టీవీఎస్ వేల ఆంపియర్లు మోయలేదు. జీడీటీ (గ్యాస్ నింపిన చిన్న ట్యూబ్) మోస్తుంది, కెపాసిటెన్స్ కూడా ఒకటి రెండు పీకోఫారడ్‌లే. దాని లోపం ఆలస్యం: 90 వోల్టులని రాసున్న జీడీటీ వేగంగా వచ్చే సర్జ్‌కి కొన్ని వందల వోల్టులు చేరాకే వెలుగుతుంది, అంటే అప్పుడే సర్జ్‌ని మళ్లించడం మొదలెడుతుంది. ఆ లోపే ఐసీ పోతుంది.

అందుకే బయటి కేబుల్‌కి రెండూ కావాలి. అయితే రెంటినీ నేరుగా పక్కపక్కన పెడితే లాభం లేదు. టీవీఎస్ ముందే వోల్టేజీని పట్టేస్తుంది, జీడీటీకి వెలిగేంత వోల్టేజీ అందదు, భారమంతా మోసి టీవీఎస్ కాలిపోతుంది. మధ్యలో ఒక రెసిస్టర్ ఉండాలి. ఫ్లోట్ స్విచ్ లాంటి నిదానం లైనుకి 100 ఓములు హాయిగా పెట్టొచ్చు. అప్పుడు జీడీటీ దగ్గర 500 వోల్టులున్నా టీవీఎస్‌లోకి 5 ఆంపియర్లకు మించి రావు, జీడీటీ వెలగడానికి సమయం దొరుకుతుంది. ఆర్ఎస్-485కి 10 ఓముల దగ్గర ఆగండి. రెసిస్టర్ మాత్రం సర్జ్ తట్టుకునే రకమే కొనండి, మామూలు చిన్న చిప్ రెసిస్టర్ మొదటి దెబ్బకే తెగుతుంది.

డబ్బా లోపలే ఉండే కీప్యాడ్, డిస్‌ప్లే తీగలకి ఇంత హంగు దండగ. అక్కడి భయం చేతి స్టాటిక్ గురించే, ఒక్క టీవీఎస్ చాలు. దాన్ని కనెక్టర్‌కి ఆనుకుని పెట్టండి. స్టాటిక్ దెబ్బలో కరెంటు నానోసెకనులో 30 ఆంపియర్లు ఎక్కగలదు. టీవీఎస్ నుంచి గ్రౌండ్‌కి వెళ్లే ట్రాక్ ఒక్క సెంటీమీటరు సాగినా, దాని సుమారు 10 నానోహెన్రీల వల్ల 300 వోల్టులు అదనంగా పుడతాయి. డయోడ్ ఎంత మంచిదైనా ఐసీ మీదికి ఆ 300 కూడా వస్తాయి.

ఎర్తింగ్ సంగతి వేరే చెప్పాలి. రాయి తగిలే మన నేలలో ఎర్తు గుంత అంత తేలిగ్గా కుదరదు. అందుకని మోటారుకి ఒక గుంత, బోర్డుకి ఇంకో గుంత తీసి విడివిడిగా వదిలేస్తుంటారు. పిడుగు పడినప్పుడు ఆ రెండు గుంతల మధ్యే వేల వోల్టుల తేడా వచ్చి, అది బోర్డు గుండానే పోతుంది. జీడీటీ ఎర్తు, మోటారు బాడీ ఎర్తు స్టార్టర్ డబ్బాలోనే ఒకే బోల్టు కింద, లావుపాటి పొట్టి తీగతో కలపండి.