ఫలక్‌నుమాలో పత్థర్ కా గోష్త్

హైదరాబాదులో ఖరీదైన భోజనశాలను అంచనా వేయడానికి చాలామంది బిర్యానీ తెప్పించుకుంటారు, నేను పత్థర్ కా గోష్త్ అడుగుతాను. దమ్ మీద ఉన్న బిర్యానీ కొంతసేపు ఆగుతుంది కానీ, బండ మీద కాల్చిన మాంసం ఆగదు.

ఎముక లేని మటన్‌ను పలుచగా కోసి, దంచి చదును చేసి, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాలు, పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి గంటలకొద్దీ నానబెడతారు. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ మాంసపు పీచును మెత్తబరుస్తుంది, మోతాదు మించితే మాత్రం ముక్క పిండిపిండిగా అయిపోతుంది. ఆపైన బొగ్గుల మీద బాగా కాగిన గ్రానైట్ పలకపై కాలుస్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేటకు వెళ్లినప్పుడు సీకులు అందుబాటులో లేక వంటవాళ్లు రాతిని వాడారని కథగా చెబుతారు. మందపు రాయి వేడిని పట్టి ఉంచడం వల్లనే ముక్క పైన ఎర్రగా కాలినా లోపల రసం మిగులుతుంది.

నిజాం కాలపు ప్రభువులైన ‘పైగా’ వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం మొదలుపెట్టిన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. 101 మంది కూర్చోగల దాని భోజనపు బల్ల ప్రసిద్ధమే అయినా, మేము భోంచేసింది హైదరాబాదీ వంటకాలు వడ్డించే ‘అదా’ అనే భోజనశాలలో. గేటు నుంచి కొండపైకి గుర్రపు బగ్గీలో వెళ్లడం మా అత్తయ్యగారికి ఎంతో నచ్చింది. "కారం తగ్గించమంటారా అమ్మా?" అని వడ్డించే అబ్బాయి ముందుగా ఆమెనే అడగడం నాకు నచ్చింది. గోష్త్ వచ్చేసరికి అంచుల్లో కొవ్వు ఇంకా చిటపటలాడుతోంది. నిమ్మకాయ పిండి, ముక్కను తుంచితే పీచు విడిపోయింది కానీ నలిగిపోలేదు, మిరియాల ఘాటు మాత్రం చివరిదాకా నిలిచింది.

బంజారాహిల్స్‌లోని ఒక పెద్ద హోటల్లో అనుభవం ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ బండను అలంకారంగా బల్ల మీదికి తెచ్చారు గానీ అది గోరువెచ్చగానే ఉంది, ముక్కల చుట్టూ కొవ్వు తెల్లగా గడ్డకట్టింది. చెబితే మర్యాదగానే తీసుకెళ్లి మళ్లీ వేడి చేసి తెచ్చారు, అప్పటికి మాంసం ఎండిపోయింది. అంత బిల్లు తీసుకునేచోట ఇది క్షమించదగిన లోపం కాదు.

ఫలక్‌నుమాలో చెల్లించే మొత్తంలో పెద్ద భాగం ఆ భవనానికీ, ఆ మర్యాదకూ పోతుందన్నది నిజం. పెద్దవాళ్లను కూర్చోబెట్టి, తొందరలేకుండా తినిపించాలనుకుంటే ఆ ఖర్చు న్యాయమే అనిపించింది. రుచి ఒక్కటే కావాలంటే పాతబస్తీలో సాయంత్రం బొగ్గులు రాజేసే చిన్న దుకాణాలు చాలు. వెళ్లదలచినవారు ముందుగా టేబుల్ ఖరారు చేసుకుని, ఊరు మొత్తం కనిపించేలా వెలుతురుండగానే చేరుకోవాలి. మిగతా వంటకాలతో కలిపి తెమ్మనకుండా, గోష్త్‌ను బండ మీద నుంచి నేరుగా, విడిగా తెమ్మని చెప్పడం మంచిది.