కాలిన చేతికి కట్టు మార్చేటప్పుడు వీఆర్: ఐదు నెలలు వాడాక

మరిగే నీళ్లు పడి నా ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. కాలినప్పటి బాధ ఒక ఎత్తు, కట్టు మార్చడం ఒక ఎత్తు. పుండుకి అతుక్కున్న గాజుగుడ్డను సెలైన్‌తో తడిపి, అంచు పట్టుకుని మెల్లగా లాగుతారు. ట్రే చప్పుడు వినబడితే చాలు, నా పళ్లు బిగుసుకునేవి. రెండో వారంలో నర్సు గారు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టారు. కళ్లకు పెట్టుకుంటే చుట్టూ మరో లోకం కనిపించే పరికరం అది, అందులో ఆటలూ ఆడొచ్చు. అప్పటినుంచి ఐదు నెలలు వాడాను.

నొప్పి మాయమైపోతుందని మాత్రం అనుకోకండి. నొప్పి మాత్ర ఎప్పటిలాగే వేసుకున్నాను. పదికి ఎనిమిది అని చెప్పే నొప్పి, హెడ్‌సెట్‌తో ఐదుకి దిగేది. అంతకన్నా పెద్ద మార్పు ఏంటంటే, "ఇంకెంతసేపు?" అని అడగడం మానేశాను. ఒకరోజు "అయిపోయిందమ్మా" అంటే నమ్మలేదు. వేళ్ల దగ్గర ఇంకా మొదలే పెట్టలేదనుకున్నాను!

నొప్పి తెలియాలన్నా మెదడుకి ధ్యాస కావాలి. ఆ ధ్యాసను ఆట లాగేసుకుంటుంది. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన గాయాలవాళ్ల కోసమే 'స్నోవరల్డ్' తయారుచేశారు. మంచు లోయలో తేలిపోతూ మంచు ఉండలు విసరడమే ఆట. వీఆర్ చూస్తున్నంతసేపూ నొప్పికి సంబంధించిన మెదడు భాగాల్లో చురుకు తగ్గిందని 2004లో వాళ్ల బృందం స్కానింగ్‌లతో చూపించింది. నా అనుభవమూ అదే. సముద్రం వీడియో పెట్టినప్పుడు గుడ్డ లాగగానే మళ్లీ బల్ల మీదకి వచ్చిపడ్డాను. కుడి చేత్తో బంతులు విసిరే ఆటలో అలా జరగలేదు, కళ్లు తర్వాతి గురి కోసం వెతుకుతూనే ఉండేవి.

ఇబ్బందులూ ఉన్నాయి. మనం కదలకుండా దృశ్యమే పరిగెత్తే ఆటల్లో నాకు వికారం వచ్చింది. పడుకుని వాడితే ముందే దృశ్యాన్ని సరిచేయించుకోవాలి, లేకపోతే ఆట ఎక్కడో కాళ్ల వైపు ఉండిపోతుంది. చెమటకి అద్దాలు మసకబారతాయి. మన మీద పచ్చి పుండు ఉంటుంది కాబట్టి, హెడ్‌సెట్ తుడిచారా, ముఖానికి కొత్త కవర్ వేశారా అని మొహమాటం లేకుండా అడగండి. వేళ్లు వంచే ఫిజియోథెరపీలో మాత్రం ఇది పెద్దగా పనిచేయలేదు, అక్కడ ధ్యాస వేళ్ల మీదే ఉండాలి కదా.

అన్నిటికన్నా ముఖ్యం, కట్టు విప్పేవాళ్లతో ముందే మాట్లాడుకోవడం. ఒకసారి కొత్తగా వచ్చినామె చెప్పకుండా లాగేసరికి ఉలిక్కిపడి చెయ్యి విదిలించాను, రక్తం వచ్చింది. ఆ తర్వాత ముట్టుకునే ముందు భుజం తట్టమని అడిగాను.

చివరి రెండుసార్లు హెడ్‌సెట్ వద్దన్నాను. లేత గులాబీ రంగులో వస్తున్న కొత్త చర్మాన్ని నా కళ్లతో చూసుకోవాలనిపించింది.