మాస్టర్ టేపు అని అమ్మారు, ఎవరి రికార్డు మీదిదో గీత వినిపిస్తోంది

ఫంక్ (అమెరికా నల్లజాతివారి నృత్య సంగీతం) పాటల్లో డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్కలను బ్రేక్‌లంటారు. వాటి సంకలనాలు కొనే తెలుగువాళ్లు మనలో ఎందరున్నారో తెలియదు. ఉన్న కొద్దిమందైనా నాలాగా డబ్బు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను. ముఖ్యంగా బ్రిటన్ నుంచి రికార్డులు తెప్పించుకునేవాళ్లు, ఇక్కడ బ్రిటన్‌లో ఉన్న బంధువులకు జాబితా పంపి తెమ్మనేవాళ్లు ఇది చదవండి.

నేను కొన్నది పాత ఫంక్ పాటల డబుల్ ఎల్‌పీ, అంటే రెండు పెద్ద వినైల్ రికార్డుల జత. డ్రమ్స్ ఒక్కటే మిగిలి, మిగతా వాయిద్యాలన్నీ పక్కకు తప్పుకొనే ఆ కొన్ని సెకన్ల కోసం డీజేలు పడిచచ్చే పాటలే అన్నీ. కొత్తగా వేసిన రికార్డు, మందమైన అట్ట, దాని మీద బంగారు రంగు స్టిక్కరు: ‘ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి’, అంటే స్టూడియోలో పాట రికార్డు చేసిన అసలు టేపుల నుంచే అని. ధర 34 పౌండ్లు. నేను రెండు ప్రతులు కొన్నాను.

రెండెందుకని మా ఆవిడ కూడా అడిగింది. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే మొదలుపెట్టిన విద్య ఇది. ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద బ్రేక్ అయిపోగానే రెండోదాని మీద అదే బ్రేక్ అందుకుంటే, ఏడు సెకన్ల ముక్క ఏడు నిమిషాలు సాగుతుంది. హిప్ హాప్, ఆ తర్వాత బ్రేక్‌బీట్ సంగీతం అన్నీ ఆ సాగదీతలోంచి పుట్టినవే. “అయితే మీరు పుట్టించబోయేది ఏమిటి?” అని ఆవిడ అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ రెండో ప్రతి లేకపోతే ఈ మోసం బయటపడేదే కాదు.

మొదటి రోజు రాత్రి హనీ డ్రిప్పర్స్ బృందం 1973లో విడుదల చేసిన ‘ఇంపీచ్ ద ప్రెసిడెంట్’ పెట్టాను. ఆ పాట డ్రమ్స్‌తోనే మొదలవుతుంది, అడ్డంగా మరే వాయిద్యమూ ఉండదు. అందుకే చిన్న చప్పుడైనా దాక్కోలేదు. తాళానికి అందకుండా, వెనకాల ఎక్కడో, చిటుక్కు... చిటుక్కు... అని వినిపించింది. దుమ్ము అనుకున్నాను. బ్రష్షుతో తుడిచాను, సూది శుభ్రం చేశాను, చివరికి రికార్డును నీళ్లతో కూడా కడిగాను. దీపం కింద పెట్టి చూస్తే నల్లటి అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. చిటుకు మాత్రం పోలేదు.

సరే, ఈ ప్రతే చెడిపోయి ఉంటుందని రెండోది విప్పాను. అదే పాట, అదే చోట, అదే చిటుకు. అప్పుడు అనుమానం మొదలైంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని లెక్కపెట్టాను. 40 సెకన్లలో 30 చిటుకులు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. ఎల్‌పీ నిమిషానికి ముప్పై మూడుంబావు సార్లకు కాస్త ఎక్కువగా తిరుగుతుంది. దాని మీద గీత ఉంటే చుట్టుకు ఒకసారి చొప్పున 40 సెకన్లలో సుమారు 22 చిటుకులు రావాలి. ఏడంగుళాల సింగిల్, అంటే వైపుకొక పాట ఉండే చిన్న రికార్డు, 45 సార్లు తిరుగుతుంది. దాని మీద గీత ఉంటే 40 సెకన్లలో సరిగ్గా 30. అంటే నాకు వినిపిస్తున్న గీత నా రికార్డు మీదిది కాదు. ఎవరో, ఎక్కడో, ఒక గీత పడిన పాత సింగిల్‌ను సూది కింద పెట్టి రికార్డు చేశారు. నేను కొన్నది ఆ నకలు. టేపు మీద గీతలు పడవు, టేపు గుండ్రంగా తిరుగుతూ చిటుక్కుమనదు.

అంతటితో అయిపోలేదు. ఆ పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో చూపే బొమ్మ) తీశాను. ఆడాసిటీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే, మీరూ చూడవచ్చు. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత, దాని పైన అంతా ఖాళీ. పాత రికార్డింగుల్లో అంత పైస్థాయిలో ధ్వని తక్కువే ఉంటుంది, నిజమే. కానీ తగ్గుతూ పోవడం వేరు, కోసేయడం వేరు. పైగా సూది గీతను తాకినప్పుడు వచ్చే చిటుకు ఆ స్థాయి దాటి పైకి పోతుంది. ఇక్కడ చిటుకు తల కూడా అక్కడే తెగిపోయింది. అంటే సింగిల్ నుంచి, పైస్థాయి ధ్వనిని కోసేసి కుదించే ఎమ్‌పీ3కి, ఎమ్‌పీ3 నుంచి ఎల్‌పీకి. పై పటారం, లోన లొటారం.

దీని మీద ఇంకొకటి. ఒక్కో వైపు 27 నిమిషాలు కుక్కారు. అంతసేపు పట్టాలంటే సూది నడిచే గాడులు ఇరుకుగా, లోతు తక్కువగా కోయాలి, దాంతో శబ్దం చిన్నదవుతుంది, బేస్ పలచబడుతుంది. బేస్ లేని ఫంక్ రికార్డు ఉప్పు లేని పప్పు. కొనే ముందు వెనక అట్ట ఫొటో చూసి నిమిషాలు కూడుకుని ఉంటే నాకు అప్పుడే తెలిసేది. చూడలేదు, స్టిక్కరు చూశాను.

పాత రికార్డు నుంచి పాట ఎత్తడమే తప్పని నేను అనడం లేదు. కొన్ని పాటల టేపులు పోయాయి. నిజాయితీ గల కంపెనీలు అలాంటప్పుడు ‘డిస్కు నుంచి తీసినది’ అని అట్ట మీద వేస్తాయి. 1986 నుంచి 1991 వరకు 25 భాగాలుగా వచ్చిన ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ సంకలనాన్ని డీజేలు పనిముట్టుగా వాడుకున్నారు, నేనూ కొన్నాను, ఆ భాగాల మీద నాకే ఫిర్యాదూ లేదు. నా గొడవ అంతా ఆ బంగారు స్టిక్కరుతో.

ఒళ్లు మండేది మాత్రం లోపలి కాగితం చూస్తే. ‘ఆమెన్, బ్రదర్’ పాట డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ గురించి కన్నీళ్లు పెట్టించే పేరా రాశారు. 1969 నాటి ఆ పాటలో ఆయన వాయించిన ఏడు సెకన్లను వేలాది పాటల్లో వాడుకున్నారు. ఆయన 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయారు. ఆయన బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఏళ్ల తరబడి రాయల్టీ రాలేదు. 2015లో బ్రిటిష్ డీజేలు చందాలెత్తి 24,000 పౌండ్లు పంపారు. ఇదంతా నిజమే. కానీ ఆ కాగితం మీదా, అట్ట మీదా, రికార్డు మధ్య లేబుల్ మీదా ఎక్కడా హక్కుదారు పేరు లేదు, ఎవరి అనుమతితో వేశారో లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. వాళ్ల పేదరికాన్ని కూడా అమ్ముకున్నారన్నమాట.

అమ్మకందారుకు రాస్తే మొదట సూది మార్చమన్నారు. లెక్క పంపితే, వినైల్ అంటేనే ఆ మాత్రం చప్పుడు ఉంటుందన్నారు. మూడోసారి, సీలు తీసిన రికార్డు వెనక్కి తీసుకునేది లేదన్నారు. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు, అందుకే చెబుతున్నాను. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని, మనసు మారితే 14 రోజుల్లో వదులుకునే హక్కు సీలు తీసిన రికార్డులకు వర్తించదు, అంతవరకు వాళ్లు చెప్పింది సరే. కానీ చెప్పిన వర్ణనకు సరుకు సరిపోకపోతే వ్యాపారి దగ్గర కొన్నదాన్ని 30 రోజుల్లో తిరస్కరించే హక్కు 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఇస్తుంది. దానికి సీలుతో పని లేదు. ఆ మాట రాయగానే, చెడ్డ సమీక్ష పెట్టకపోతే 20 శాతం వెనక్కి ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. స్టిక్కరు ఫొటో, స్పెక్ట్రోగ్రామ్, చిటుకులు వినిపించే 40 సెకన్ల ఆడియో జతచేసి కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో వివాదం వేశాను. ఐదు వారాలకు డబ్బు వచ్చింది, రికార్డులు వెనక్కి పంపిన పోస్టు ఖర్చు రాలేదు.

మీ దగ్గర ఇప్పటికే ఈ రకం సరుకు ఉంటే, డ్రమ్స్ ఒంటరిగా వినిపించే చోట చెవి పెట్టండి, చిటుకులు లెక్కపెట్టండి. కొనబోతుంటే మాస్టర్ టేపు ఎవరి దగ్గరిదని, ఎవరి అనుమతి ఉందని అడగండి. తెలిసిన కంపెనీ ఒక్క వాక్యంలో చెబుతుంది. నాకు అమ్మినవారు ఇంతవరకు చెప్పలేదు. నిన్న వాళ్ల పేజీ చూశాను. అదే స్టిక్కరు, అదే ఫొటో, ధర మాత్రం రెండు పౌండ్లు పెరిగింది.