స్పేసర్‌తో ఆరున్నరేళ్లు: ఉబ్బసం ఉన్న బాబు తల్లిగా నా అనుభవం

మా బాబుకు రెండున్నరేళ్లు ఉన్నప్పుడు మొదటి స్పేసర్ కొన్నాం. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. మధ్యలో మూడుసార్లు స్పేసర్ మారింది, ఒకసారి ఇల్లు మారింది, వాడి పిల్లికూతలు చాలావరకు తగ్గిపోయాయి. ఇన్‌హేలర్ గురించి అందరూ అడుగుతారు. దానికి తగిలించే ఈ ప్లాస్టిక్ గొట్టం గురించి ఎవరూ అడగరు. మా వాడు ఈరోజు గ్రౌండులో పరుగెత్తగలుగుతున్నాడంటే అందులో మందు పాత్ర ఎంత ఉందో, ఈ గొట్టాన్ని సరిగా వాడటం నేర్చుకోవడానికీ అంతే ఉంది.

మొదటి నాలుగు నెలలు తప్పుగానే వాడాం. మందు రాసిచ్చిన చోట ఎలా వేయాలో ఎవరూ చూపించలేదు. మందుల షాపులో డబ్బా చేతికిచ్చారు. నేను ఏడుస్తున్న పిల్లవాడి ముఖానికి మాస్కు అదిమిపట్టి, వరసగా రెండు పఫ్‌లు కొట్టి, పని అయిపోయిందనుకునేదాన్ని. ఏడ్చేటప్పుడు నోరు తెరిచే ఉంటుంది కాబట్టి మందు ఇంకా బాగా వెళుతుందని నా లెక్క. అది పూర్తిగా తప్పు. ఏడ్చే బిడ్డ ఎక్కువసేపు ఊపిరి వదులుతూనే ఉంటాడు. మధ్యలో ఎక్కిపడుతూ లాగే గాలితో మందు ఊపిరితిత్తులకు చేరదు, గొంతులోనే ఆగిపోతుంది. ఆ చలికాలంలో రెండుసార్లు అర్ధరాత్రి ఉప్పల్ నుంచి ఆటోలో పరుగెత్తాం. డొక్కలు ఎగురుతున్నాయి, ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. అది చూసిన తల్లి మరిచిపోలేదు.

రెండోసారి వార్డులో ఒక నర్సు "మీరు ఎలా వేస్తారో ఒకసారి చూపించండమ్మా" అని అడిగింది. చూపించాను. ఆమె ఏమీ అనకుండా బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపింది. ముక్కూ నోరూ కలిపి కప్పేలా, బుగ్గల దగ్గర సందు లేకుండా మాస్కు ఆనించింది. ఒక్కసారే నొక్కి, "ఇక్కడ చూడండి" అంటూ గొట్టం చివర ఉన్న వాల్వ్ చూపించింది. పలుచటి సిలికాన్ రేకు. బాబు ఊపిరి తీసినప్పుడు తెరుచుకుంటోంది, వదిలినప్పుడు మూసుకుంటోంది. అది అయిదారుసార్లు కదిలేదాకా ఆమె మాస్కు తీయలేదు. అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి, అప్పుడు రెండో పఫ్.

ఆ రోజు నుంచి ఇంట్లో అదే పద్ధతి. మా అత్తయ్య పక్కన కూర్చుని వేలి కణుపుల మీద ఊపిరులు లెక్కపెట్టేవారు. నిద్రలో వేస్తే తేలిక అని ఎవరో చెబితే అదీ చూశాం. మాస్కు తగలగానే లేచి ఇంకా ఏడ్చాడు. ముందు వాడి చేత ఎలుగుబంటి బొమ్మకు మాస్కు పెట్టించి, తర్వాత వాడికి పెట్టడం మొదలుపెట్టాక వారంలో ఏడుపు మానేశాడు.

కడగడంలోనూ పొరపాటు చేశాను. వేడి నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో లోపలంతా మెరిసేలా తుడిచేదాన్ని. ప్లాస్టిక్‌ను అలా రుద్దితే స్థిరవిద్యుత్తు పుడుతుంది. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అతుక్కున్నట్టే మందు తుంపరలు గొట్టం గోడకు అతుక్కుపోతాయి, బిడ్డకు అందేది తగ్గిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి నానబెట్టి, లోపల తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. కొత్తది కొన్నప్పుడు కూడా ఇలా కడిగాకే వాడాలి. స్థిరవిద్యుత్తు పట్టని రకాలూ ఇప్పుడు దొరుకుతున్నాయి. మేం మూడోసారి అదే కొన్నాం, మేలనిపించింది.

మా బాబుకు రోజూ వేసేది బ్యుడెసొనైడ్. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్. మొదటిది స్టెరాయిడ్ అనగానే ఇంట్లో అందరికీ భయమే. "పంపు అలవాటైతే ఇక మానలేడు" అని మా పెద్దమ్మ, "ఎదగడు" అని పక్కింటివాళ్లు. అలవాటు పడే మందు కాదది, వాపును అదుపులో ఉంచే మందు. ఎదుగుదల మాట మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికా, కెనడాల్లో ఉబ్బసం ఉన్న వెయ్యిమందికి పైగా పిల్లలపై జరిగిన క్యాంప్ (CAMP) అనే అధ్యయనంలో, నాలుగు నుంచి ఆరేళ్లపాటు రోజూ ఈ మందు వాడినవాళ్లు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారని 2012లో ప్రచురించారు. ఆ తేడా మొదటి ఏళ్లలో వచ్చిందే, మందు వాడేకొద్దీ పెరుగుతూ పోలేదు. మా డాక్టరుగారు ఈ అంకె దాచకుండా చెప్పారు, ఏటా రెండుసార్లు ఎత్తు కొలిచి ఫైల్లో రాస్తారు. ఊపిరాడని రాత్రుల ముందు ఆ ఒక్క సెంటీమీటరు నాకు పెద్దది కాదు. మందు వేశాక నోరు పుక్కిలించడం, మాస్కు వాడే వయసులో ముఖం తుడవడం మాత్రం ఒక్క రోజూ మానలేదు.

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం వేయిద్దామని బంధువులు ఏటా అడుగుతారు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. బతికున్న కొరమీనును మింగించడానికి నేను ఒప్పుకోలేదు. వేయించుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: దాన్ని నమ్మి రోజూ వేసే మందు ఆపకండి.

మందును పొగమంచులా మార్చి మాస్కులోకి పంపే మిషను, నెబులైజర్, కొనలేదా అని చాలామంది అడుగుతారు. కొన్నాం, అటక మీద ఉంది. ప్రాణం మీదికి రాని ఆయాసంలో స్పేసర్ నెబులైజర్‌కు ఏమాత్రం తీసిపోదని, పిల్లలు ఆసుపత్రి అత్యవసర విభాగం నుంచి త్వరగా ఇంటికి వెళ్లగలుగుతారని, వైద్య అధ్యయనాలన్నీ కలిపి పరిశీలించే కోక్రేన్ సంస్థ సమీక్షలో తేలింది. స్పేసర్‌కు కరెంటు అక్కర్లేదు. ఈదురుగాలికి కరెంటు పోయిన ఒక మే నెల రాత్రి మాకు ఇదే దిక్కయింది. కానీ పెదవులు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా, ఎప్పుడూ తగ్గే మందుకు తగ్గకపోయినా ఇంట్లో ఆగకూడదు.

స్పేసర్‌లో లోపాలూ ఉన్నాయి. మాస్కు అంచు ఏడాదికి గట్టిపడి బుగ్గకు ఆనదు. పెద్ద సైజువి బడి సంచిలో పట్టవు. అన్ని ఇన్‌హేలర్లూ అన్ని స్పేసర్లకూ బిగుతుగా కూర్చోవు, కొనేముందు షాపులోనే తగిలించి చూసుకోవాలి. అయిదేళ్లకు మాస్కు తీసేసి మౌత్‌పీస్‌కు మారాం. అప్పుడు పెదవులు బిగించడం అలవాటవడానికి నెల పట్టింది.

ఇన్‌హేలర్ ఎవరు కనిపెట్టారని మా వాడు ఒకసారి అడిగాడు. 1955లో అమెరికాలో రైకర్ అనే మందుల సంస్థ అధిపతి జార్జ్ మెయిసన్‌ను ఉబ్బసం ఉన్న ఆయన 13 ఏళ్ల కూతురు, నా మందు హెయిర్ స్ప్రేలా డబ్బాలో ఎందుకు రాదని అడిగిందట. మరుసటి ఏడాదే అలాంటిది బజారులోకి వచ్చింది. ఒక పిల్ల అడిగితే వచ్చిందని తెలిశాక వాడికి అది తన వస్తువు అయింది. మొన్న దీపావళి పొగలకు రెండు రోజుల ముందు వాడే నా దగ్గరికి వచ్చి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "అమ్మా, వాల్వ్ ఒక మూల వంకరపోయింది, సరిగా మూసుకోవడం లేదు" అన్నాడు. ఆ సాయంత్రమే కొత్తది తెచ్చి, కడిగి, గాలికి పెట్టాం.