మైనస్ 30లో మాస్సీ 135: బ్లాక్ హీటర్ ఎన్నో చలికాలాలు వాడాక

తీర్పు ముందే చెప్పేస్తాను. కెనడాలోని సస్కచెవాన్ లాంటి చోట, జనవరి రాత్రుళ్లు మైనస్ 30కి దిగిపోయే పొలాల్లో, పాత డీజిల్ ట్రాక్టర్‌కి ఒక్క వస్తువే కొనాలంటే బ్లాక్ హీటర్ (ఇంజన్ ఇనుమును కరెంటుతో వేడిచేసే పరికరం) కొనండి. పెద్ద బ్యాటరీ దాని తర్వాతే. స్టార్ట్ కావడానికి గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే డబ్బా అసలు వద్దు.

హీటర్ పెట్టింది మాస్సీ ఫెర్గూసన్ 135కి. మూడు సిలిండర్ల పెర్కిన్స్ ఇంజన్, రెండున్నర లీటర్లు. మన ఊళ్లలో తిరిగే మాస్సీ 1035లోని సింప్సన్ ఇంజన్ కూడా ఈ పెర్కిన్స్ వంశానిదే, కాబట్టి ఆ బండి విప్పి బిగించినవాళ్లకు ఇక్కడ చెప్పే భాగాలన్నీ పరిచయమే. శీతాకాలంలో దీని పని మంచు తోయడం, పశువుల దగ్గరికి గడ్డి చుట్టలు మోయడం. రెండూ ఎండ వచ్చేదాకా ఆగే పనులు కావు.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు 18వ వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మైనస్ 30లో లోపలికి వచ్చే గాలే అంత చల్లన. నొక్కినప్పుడు పుట్టిన కాస్త వేడినీ సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి. ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి రింగుల పక్కనుంచి గాలి జారిపోయే సమయమూ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే బ్యాటరీ బలం సగానికి పడిపోయి ఉంటుంది. ఈ నాలుగు ఇబ్బందుల్లో మూడింటిని ఇనుము వేడిగా ఉంటే చాలు, ఒక్క దెబ్బకి తగ్గించవచ్చు. పెద్ద బ్యాటరీ ఒక్కదాన్నే తగ్గిస్తుంది.

మేం వాడేది 750 వాట్ల రకం. ఇంజన్ బ్లాక్ పక్కనున్న కోర్ ప్లగ్గు (రంధ్రాన్ని మూసే రేకు మూత) తీసేసి, ఆ రంధ్రంలో ఎలిమెంట్ దూర్చి బిగించేది. అక్టోబరులోనే బిగించాలి, గడ్డకట్టిన చేతులతో చేసే పని కాదు. రేడియేటర్ కుళాయి, బ్లాక్ డ్రైన్ రెండూ తెరిచి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మొత్తం దింపాలి. ఒక్క రేడియేటర్ దింపితే ప్లగ్గు తీసేసరికి మిగిలినదంతా చేతుల మీద పడుతుంది. ప్లగ్గు ఒక అంచు మీద కొడితే అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు పటకారుతో లాగాలి. నేరుగా లోపలికి కొట్టకూడదు. రంధ్రం గోడలను ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్దాలి. ఇక్కడ బద్ధకించినవాళ్లకే రెండో శీతాకాలంలో ఓ-రింగ్ దగ్గర కారుతుంది. రబ్బరుకి కొంచెం గ్రీజు రాసి, ఎలిమెంట్ లోపలి గోడకు ఎక్కడా తగలకుండా తిప్పి చూసుకుని బిగించాలి. తగిలితే ఆ చోట కూలెంట్ తిరగదు, ఎలిమెంట్ అక్కడే మాడుతుంది. కొనేముందు ట్రాక్టర్ మోడల్ ఒక్కటే చూడకుండా ఇంజన్ నంబరు చూసి, రంధ్రం వ్యాసం కొలుచుకోండి. ఇన్నేళ్ల పాత బండికి మధ్యలో ఇంజన్ మారి ఉండవచ్చు.

కూలెంట్ సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం డిస్టిల్డ్ నీళ్లు కలిపితే మైనస్ 37 దాకా ఆగుతుంది. 60 పాళ్లు గ్లైకాల్ పోస్తే మైనస్ 50 దాటుతుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకునేవాళ్లు ఉన్నారు. అది తప్పు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఈ ఇంజన్‌కి రేడియేటర్‌తో కలిపి సుమారు 10 లీటర్లు పడుతుంది. నింపాక ఇంజన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకుని ఎయిర్ అంతా పోయి, మట్టం మళ్లీ సరిచూసుకున్నాకే హీటర్‌కి కరెంటు ఇవ్వాలి. గాలి బుడగలో ఉన్న ఎలిమెంట్ క్షణాల్లో పోతుంది. కొత్తది పెట్టిన రోజే మాడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇక ఎంతసేపు పెట్టాలనేది. సుమారు 230 కిలోల ఇనుము, 10 లీటర్ల కూలెంట్ లెక్క వేసుకుంటే, వేడి ఎటూ పోకపోతే 750 వాట్లు గంటకు 19 డిగ్రీల చొప్పున పెంచాలి. ఆరుబయట అందులో సగం పైనే పోతుంది. మా అనుభవంలో మైనస్ 30లో నాలుగు గంటలు చాలు, అంటే మూడు యూనిట్లు. రాత్రంతా పెడితే తొమ్మిది యూనిట్లు అవుతాయి, ఇంజన్ మాత్రం చెప్పుకోదగ్గంత ఎక్కువ వేడెక్కదు. వచ్చే వేడీ పోయే వేడీ ఒక దశలో సమానమైపోతాయి. టైమర్ పెట్టి తెల్లవారుజామున రెండింటికి మొదలయ్యేలా చేయడం మేలు. గాలి వీస్తే మాత్రం లెక్క తప్పుతుంది. ఈదురుగాలి ఇనుమును వాతావరణం కంటే చల్లబరచలేదు కానీ, హీటర్ ఇచ్చే వేడిని ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది. రేడియేటర్ ముందు అట్టముక్క, బానెట్ మీద పాత దుప్పటి వేస్తే ఒక గంట కరెంటు మిగులుతుంది. స్టార్ట్ చేసేముందు దుప్పటి తీయడం మరవకండి, ఫ్యాన్‌లో చిక్కుకుంటుంది.

హీటర్‌లో ఎక్కువగా పాడయ్యేది ఎలిమెంట్ కాదు, తీగ. ఇక్కడి 120 వోల్టుల లైన్ మీద 750 వాట్లంటే ఆరు ఆంపియర్లు పైనే. ఇంట్లో వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ వేస్తే ప్లగ్గు దగ్గర వేడెక్కి కరుగుతుంది. 15 మీటర్ల వరకు 14 గేజ్, అంతకు మించితే 12 గేజ్ వాడాలి (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు). పైతొడుగు కూడా చలికి వంగే రకం కావాలి, మామూలు పీవీసీ మైనస్ 30లో వంచితే పగుళ్లిస్తుంది. పిన్నులకు డైఎలెక్ట్రిక్ గ్రీజు రాస్తే తుప్పు పట్టదు. ఎర్త్ లీకేజీ బ్రేకర్ పదేపదే పడిపోతుంటే ఎర్త్ పిన్ను విరిచేసి వాడేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఎలిమెంట్ తొడుగు చిట్లి కరెంటు కూలెంట్‌లోకి, అక్కడి నుంచి బండి ఇనుములోకి పాకుతోందని బ్రేకర్ చెబుతోంది. మంచులో తడిసిన బూట్లతో ఆ ఇనుమునే పట్టుకుంటారు మీరు.

వేడెక్కిన ఇంజన్‌ని స్టార్ట్ చేయడానికీ ఒక పద్ధతి ఉంది. తీగ ముందు పీకి పక్కకు చుట్టేయండి. గేర్ న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా, అడుగుదాకా తొక్కండి. రెండంచెల క్లచ్ ఉన్న 135లో సగం తొక్కితే గేర్‌బాక్స్ మాత్రమే విడిపోతుంది. పూర్తిగా తొక్కితేనే పీటీవో (వెనక తగిలించిన పరికరాలను తిప్పే షాఫ్టు)తో పాటు హైడ్రాలిక్ పంపు కూడా ఆగుతుంది. మైనస్ 30లో వెనక హౌసింగ్ ఆయిల్ బంకలా ఉంటుంది, దాన్ని చిలికే భారం సెల్ఫ్ మీద పడకూడదు. బ్లాక్ హీటర్ ఆ ఆయిల్‌ని ముట్టుకోదు కూడా. ఆ తర్వాత తాళం చెవిని హీట్ మీద 15 నుంచి 20 సెకన్లు ఉంచితే, ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లోని థర్మోస్టార్ట్ ఎర్రబడి, దాని మీద పడే కొద్దిపాటి డీజిల్ మండి, లోపలికెళ్లే గాలిని వెచ్చబరుస్తుంది. అప్పుడు రేసు సగం పైకి లాగి సెల్ఫ్ కొట్టాలి. ఒకసారికి 30 సెకన్లు మించకూడదు, మధ్యలో రెండు నిమిషాలు విరామం ఇవ్వాలి. హీటర్ సరిగా పనిచేసిన పొద్దున అన్నిసార్లు అవసరమే రాదు. రెండు మూడు చుట్లకే అందుకుంటుంది.

అందుకోకపోతే సైలెన్సర్ వైపు చూడండి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి వస్తోంది, వేడే చాలలేదు. పొగ అసలు రాకపోతే డీజిలే రావట్లేదు. బ్లాక్ హీటర్‌కి చేతకాని పని ఇక్కడే మొదలవుతుంది. ట్యాంకునీ, ఫిల్టర్‌నీ అది వేడిచేయదు.

వేసవి డీజిల్ సున్నాకి కొన్ని డిగ్రీలు కిందికి దిగేసరికే మసకబారుతుంది. అందులోని మైనం కొబ్బరి నూనె పేరుకున్నట్టు పలుకులు కట్టి ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తుంది. కెనడా బంకుల్లో చలికాలానికి తగిన డీజిలే అమ్ముతారు. చిక్కంతా సెప్టెంబరులో పొలంలోని ట్యాంకు నింపుకుని జనవరిలో అదే పోసుకునేవాళ్లకి. మైనం ఆపే మందు డీజిల్ ఇంకా తేటగా ఉన్నప్పుడే కలపాలి. అది పలుకుల్ని చిన్నవిగా ఉంచుతుంది తప్ప ఒకసారి పేరుకున్నదాన్ని కరిగించదు. నంబర్ వన్ డీజిల్ (మైనం తక్కువగా ఉండే పలుచని రకం) కలపడం ఇంకా నమ్మకమైన దారి, ప్రతి 10 పాళ్లకు మసకబారే హద్దు సుమారు ఒకటిన్నర డిగ్రీలు దిగుతుంది. కానీ దానికి జిడ్డు తక్కువ, ఈ ఇంజన్‌లోని రోటరీ పంపుకు డీజిలే ఆయిల్, కాబట్టి జిడ్డు పెంచే మందు కూడా వేయాలి. లడఖ్‌లో కూడా ఇదే బాధ ఉండేది. అక్కడ డీజిల్లో కిరోసిన్ కలుపుకునేవారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చింది.

ఫిల్టర్ మూసుకుపోతే కొత్తది వేసి, తేట డీజిల్‌తో నింపి, లిఫ్ట్ పంపు మీట చేత్తో కొడుతూ ఎయిర్ తీయాలి. ముందు ఫిల్టర్ పైన, తర్వాత పంపు మీది స్క్రూలు, చివరికి నాజిల్ గొట్టాల నట్లు. బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా వరస తప్పకూడదు. సెడిమెంట్ గిన్నెలో నీటి చుక్క ఉంటే అది ముందే మంచుబిళ్ల అవుతుంది. నవంబరులోనే దింపేయండి, ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచండి.

ఈథర్ గురించి సూటిగా చెబుతాను. థర్మోస్టార్ట్ ఉన్న ఇంజన్‌లో ఈథర్ కొట్టడమంటే మానిఫోల్డ్‌లో నిప్పు మీద కొట్టడమే. అది లేకపోయినా, ఈథర్ డీజిల్ కంటే తక్కువ వేడికే అంటుకుంటుంది కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే పేలి, రింగుల గాడుల్ని విరుస్తుంది. బ్లాక్ హీటర్ ఉన్నచోట ఆ డబ్బాకి పని లేదు.

ఇంజన్ ఆయిల్ మార్చడం హీటర్ తర్వాత రెండో మంచి ఖర్చు. 15డబ్ల్యూ-40 రకం ఆయిల్‌ని సెల్ఫ్ తిప్పగలిగే చిక్కదనం కోసం మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు, 5డబ్ల్యూ-40ని మైనస్ 30 దగ్గర. నవంబరులో సుమారు ఏడు లీటర్ల సింథటిక్ 5డబ్ల్యూ-40 పోస్తే, కరెంటు పోయిన రాత్రి తర్వాత కూడా కాస్త ఆశ ఉంటుంది. బ్యాటరీకి 800 సీసీఏ (చలిలో సెల్ఫ్‌కి ఇవ్వగల ఆంపియర్లు) తక్కువ కాకుండా చూసుకోండి, ఆ అంకె మైనస్ 18 దగ్గర కొలిచినదని గుర్తుంచుకోండి. డిశ్చార్జ్ అయిన బ్యాటరీ మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగలవచ్చు. నిండుగా ఉన్నది మైనస్ 50లో కూడా గడ్డకట్టదు.

మిగతా రకాలు కూడా వాడి చూశాం. పొయ్యి మీది పళ్లెంలా సంపుకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టికి) అంటుకునే అయస్కాంతపు హీటర్ 300 వాట్లే. గాలికి దాని వేడంతా పోతుంది, మైనస్ 15 దాటితే నమ్మలేం. కింది రేడియేటర్ గొట్టంలో పెట్టేది పెట్టడం తేలికే, కానీ వేడి సగం రేడియేటర్ వైపే పోతుంది. ఆరు సిలిండర్ల పెద్ద ట్రాక్టర్‌కి మాత్రం 1500 వాట్ల ట్యాంకు రకమే సరైనది. దాన్ని బ్లాక్ కంటే కిందికి, నిలువుగా బిగించాలి. వేడి కూలెంట్ తనంతట పైకెక్కుతుంది, పంపు అక్కర్లేదు. గొట్టంలో ఎక్కడైనా వంపు పైకి లేచి దిగితే అక్కడ ఎయిర్ చిక్కి ప్రవాహం ఆగిపోతుంది.

ప్రతి అక్టోబరులో మల్టీమీటర్‌తో ప్లగ్గు రెండు పిన్నుల మధ్య కొలవండి. 750 వాట్ల దానికి సుమారు 19 ఓమ్‌లు రావాలి. ఏమీ చూపకపోతే ముందు తీగ మార్చి చూడండి, చాలాసార్లు ఎలిమెంట్ బాగానే ఉంటుంది. ఆ రెండు పిన్నుల్లో దేనికైనా బండి ఇనుముతో ఏ కొంచెం కలిసినట్టు చూపినా ఎలిమెంట్ మార్చాల్సిందే.