గిల్రే ప్రింటు వెనక అట్ట అంటించి ఉంటే కొనకండి

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. లండన్‌లో పాత ప్రింట్లు అమ్మే అతను ఎవరో ఇవి కొనేవాళ్లకు తెలుసు, పేరెందుకు. రెండేళ్లుగా లారీ అండ్ విటిల్ అనే పాతకాలపు లండన్ ప్రచురణకర్తల హాస్యగీతాల షీట్లు, అవే, పైన బొమ్మ, కింద పాట ఉండేవి, అతని దగ్గరే కొన్నాను. ఏ తేడా రాలేదు. ఆ నమ్మకంతోనే పోయిన నెల ఇంగ్లండ్ వ్యంగ్యచిత్రకారుడు జేమ్స్ గిల్రే 1808లో వేసిన 'వెరీ స్లిప్పీ వెదర్' తీసుకున్నా. 420 పౌండ్లు. గిల్రే బొమ్మలు అచ్చువేయించి అమ్మిన హన్నా హంఫ్రీ దుకాణం ముందు ఒకాయన జారి పడుతుంటాడు, చేతిలో థర్మామీటరు మాత్రం పదిలంగా ఉంటుంది, వెనక జనం అద్దాల్లోని కార్టూన్లు చూస్తుంటారు. ఆ బొమ్మంటే నాకు ప్రాణం.

"అప్పటి ముద్రణే, అప్పటి రంగులే" అన్నాడు. వెనక అట్ట ఎందుకంటే, కాగితం పలచబడిందన్నాడు.

నిన్న పాత కాగితాలు బాగుచేసే ఆవిడ ఒక మూల తడిపి అట్ట లేపారు. వెనక ఇంకో గిల్రే బొమ్మ! హంఫ్రీ ఒకవైపే అచ్చువేయించేది. గిల్రే 1815లో పోయాక, ఆయన బొమ్మలు చెక్కిన అవే రాగిరేకులతో కాగితానికి రెండువైపులా నల్లసిరాతో 1851లో పుస్తకంగా వేసింది బోన్ అనే లండన్ ప్రచురణకర్త. అంటే రంగులు తర్వాతెవరో పూసినవి. పై మూలన బోన్ వేసిన అంకె గీకేసిన మచ్చ కూడా కనిపించింది.

నేరుగా షాపుకెళ్లా. రెండేళ్లు కూర్చోబెట్టి టీ ఇచ్చిన మనిషి, నిలబెట్టే మాట్లాడాడు. బొమ్మ వైపు చూడనైనా లేదు. "రాగిరేకు గిల్రేదే కదా. తెలియనివాళ్లు ఇలాంటివి కొనకూడదు" అని, పక్కనున్న ఇంకొకాయనకు షీట్లు చూపించడం మొదలుపెట్టాడు. డబ్బు కన్నా ఆ మాటే రాత్రంతా నిద్రపోనివ్వలేదు. బోన్‌దని చెప్పి, దానికి తగ్గ ధర అడిగుంటే సంతోషంగా కొనేవాణ్ణే.

తప్పు నాదీ ఉంది. బోన్ ముద్రణ సంగతి నాకు తెలుసు. అట్ట విప్పి చూపించమనడానికి మొహమాటపడ్డాను.

మీరు పడకండి. వెనకవైపు చూడందే డబ్బివ్వకండి. రసీదు మీద ముద్రించిన సంవత్సరం రాయించుకోండి. నా రసీదులో 'గిల్రే, చేతిరంగులు' అన్న రెండు ముక్కలే ఉన్నాయి.